సుప్రీంకోర్టు న్యాయమూర్తి జేమ్స్ విల్సన్ నిజంగానే అప్పుల జైలుకు వెళ్ళారా? ఆయన పేరు ఎందుకు మరుగునపడింది?

మీరు అడిగినదానిలో మూడు ప్రశ్నలు ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపైనా, రాజ్యాంగంపైనా సంతకం చేసిన జేమ్స్ విల్సన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉండగానే జైలుకు వెళ్ళారన్నది నిజమేనా అన్నది మొదటిది. అంత పని చేసిన మనిషి పేరు వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్, హామిల్టన్‌ల సరసన ఎందుకు వినబడదన్నది రెండవది. ఎల్‌ఎల్‌.ఎం. సెమినార్ పత్రానికి ఆయనను అంశంగా తీసుకోవచ్చా అన్నది మూడవది.

జైలు సంగతి నిజమే. 1797లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో ఒకసారి, 1798లో నార్త్ కరోలినాలోని ఈడెంటన్‌లో మరోసారి ఆయనను నిర్బంధించారు. లంచం తీసుకున్నారనో, నేరం చేశారనో పట్టుకున్న కేసులు కావవి. సొంత అప్పులు తీర్చలేకపోయినందుకు ఋణదాతలు చేయించిన అరెస్టులు. ఆ రెండు సందర్భాల్లోనూ ఆయన సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవిలోనే ఉన్నారు, ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు. పేరు మరుగునపడడానికి ఈ అప్పులు ఒక కారణమే గానీ ప్రధాన కారణం అవే అని నేను అనుకోను. ఆయన చేసిన అతి ముఖ్యమైన పని తలుపులు మూసిన గదిలో జరిగింది. ఆయన రాసిన అతి ముఖ్యమైన తీర్పును రెండేళ్ళు నిండకముందే రాజ్యాంగ సవరణతో తుడిచిపెట్టారు. ఈ రెండు కారణాలే పెద్దవని నా అభిప్రాయం. ఇక సెమినార్ పత్రానికి ఆయనను నిస్సంకోచంగా తీసుకోండి.

నేను ప్రధానంగా సివిల్ కేసులు చూసే న్యాయవాదిని, లా కాలేజీలో రాజ్యాంగ న్యాయం కూడా బోధిస్తుంటాను. అందువల్ల ముందుగా అప్పుల జైలు అంటే ఏమిటో స్పష్టం చేయడం మంచిదనిపిస్తోంది. మన దగ్గర కూడా డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) అమలు కోసం ఈపీ, అంటే అమలు పిటిషన్, వేసినప్పుడు, బాకీదారుకు చెల్లించే స్థోమత ఉండి కూడా ఎగ్గొడుతున్నాడని కోర్టు నమ్మితే సివిల్ జైలుకు పంపవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 58వ సెక్షన్ ప్రకారం ఆ నిర్బంధం మూడు నెలలు మించకూడదు, లోపల ఉన్నన్నాళ్ళు భోజనం బత్తా డిక్రీదారే కట్టాలి, విడుదలైనంత మాత్రాన అప్పు రద్దు కాదు. చేతిలో డబ్బు లేకపోవడం ఒక్కటే జైలుకు పంపడానికి చాలదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చి చెప్పారు. పద్దెనిమిదవ శతాబ్దపు అమెరికాలో బాకీదారుకు ఇటువంటి రక్షణ దాదాపు లేదు. దేశం మొత్తానికి వర్తించే దివాలా చట్టం 1800లో గానీ రాలేదు. విల్సన్ 1798లోనే పోయారు. ఆయనలాగే రెండు పత్రాలపైనా సంతకం చేసి, ఆయనలాగే భూముల మీద అప్పులపాలై జైలుకు వెళ్ళిన రాబర్ట్ మోరిస్ మాత్రం ఆ కొత్త చట్టం పుణ్యమా అని 1801లో బయటపడ్డారు.

ఇప్పుడు మనిషి గురించి చెబుతాను. విల్సన్ 1742లో స్కాట్లాండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో ఒక మామూలు రైతు కుటుంబంలో పుట్టారు. కొడుకును చర్చి బోధకుడిగా చూడాలన్నది తల్లిదండ్రుల కోరిక. విద్యార్థి వేతనంతో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేరారు, తండ్రి మరణంతో ఆ దారి మారింది. 1765లో అమెరికా చేరి, ఫిలడెల్ఫియా కళాశాలలో లాటిన్ చెప్పే ఉద్యోగం సంపాదించారు. ఆ రోజుల్లో అక్కడ లా కాలేజీలు లేవు. పేరున్న లాయరు దగ్గర చేరి, ఆయన పుస్తకాలు చదువుతూ, దస్తావేజులకు నకళ్ళు రాస్తూ నేర్చుకోవలసిందే. విల్సన్ జాన్ డికిన్సన్ దగ్గర చేరి, 1767లో న్యాయవాదిగా నమోదై, మొదట రీడింగ్ అనే ఊళ్ళో, తరువాత సరిహద్దు ప్రాంతమైన కార్లైల్‌లో ప్రాక్టీసు పెట్టారు. అక్కడ కేసులన్నీ భూమి తగాదాలే. భూమి విలువ ఎలా పెరుగుతుందో, అప్పు చేసి కొన్న భూమి ఎంత ఆశ పుట్టిస్తుందో ఆయన ఈ కేసుల్లోనే దగ్గరగా చూసి ఉంటారని నా ఊహ. తొలి నాళ్ళలోనే ఆయన కొనడం మొదలుపెట్టారు.

1774లో ఆయన అచ్చువేయించిన ఒక చిన్న పుస్తకంతో ఆయన రాజకీయ జీవితం మొదలైందని చెప్పవచ్చు. బ్రిటిష్ పార్లమెంటుకు అమెరికాలోని తన వలస రాజ్యాలపై శాసనాధికారం ఎంతవరకు అన్నది దాని విషయం. దానిని ఆయన కొన్నేళ్ళ ముందే రాసి పెట్టుకున్నారు. పార్లమెంటు అధికారానికి న్యాయమైన హద్దు ఎక్కడుందో వెతుకుదామని మొదలుపెట్టి, చివరికి అటువంటి హద్దేదీ లేదని, వలస ప్రజలు ఎన్నుకోని సభకు వారిపై ఏ అధికారమూ లేదని, రాజు పట్ల విధేయత ఒక్కటే ఇరు దేశాలనూ కలుపుతోందని తేల్చారు. మనుషులందరూ స్వభావరీత్యా సమానులని, స్వతంత్రులని, ఒకరి సమ్మతి లేకుండా వారిపై ఇంకొకరికి అధికారం లేదని, న్యాయబద్ధమైన ప్రభుత్వం ఏదైనా పాలితుల సమ్మతి మీదే నిలుస్తుందని అందులో రాశారు. రెండేళ్ళ తరువాత వచ్చిన స్వాతంత్ర్య ప్రకటనలో మీరు చదివే మాటలకు ఇవి ఎంత దగ్గరో గమనించండి. ఈ సమ్మతి అన్న ఒక్క సూత్రాన్ని పట్టుకుంటే విల్సన్ ప్రజాజీవితం మొత్తం అర్థమవుతుంది. అది వదిలి చదివితే ఆయన ఒకచోట విప్లవకారుడిగా, ఇంకోచోట ధనికుల పక్షపాతిగా, మరోచోట మితిమీరిన ప్రజాస్వామికవాదిగా కనిపించి గందరగోళపరుస్తారు.

ఉదాహరణకు 1776 జూన్‌లో స్వాతంత్ర్యం విషయంలో ఆయన వాయిదా కోరారు. దీనిని పిరికితనంగా రాసినవారున్నారు. తన రాష్ట్రమైన పెన్సిల్వేనియా శాసనసభ స్వాతంత్ర్యానికి ఓటు వేయమని ప్రతినిధులకు అధికారం ఇవ్వలేదు కాబట్టి, పంపినవారి అనుమతి లేకుండా ఓటు వేయడం తప్పని ఆయన వాదన. మూడు వారాల గడువు దొరికింది. జూలై 2న ఓటింగ్ జరిగినప్పుడు ఆయన గురువు డికిన్సన్, రాబర్ట్ మోరిస్ ఇద్దరూ పాల్గొనకుండా తప్పుకున్నారు. మిగిలిన అయిదుగురిలో ఇద్దరు వ్యతిరేకించారు. ఫ్రాంక్లిన్, జాన్ మోర్టన్, విల్సన్ అనుకూలంగా ఓటు వేశారు. మూడుకు రెండు ఓట్ల తేడాతో పెన్సిల్వేనియా స్వాతంత్ర్యం వైపు నిలిచింది. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరు అటు తిరిగినా ఆ రాష్ట్రం ఓటు తారుమారయ్యేది.

ఆ తరువాత మూడేళ్ళకే ఆయన ఇంటి మీద జనం తుపాకులతో వచ్చారు. ఈ సంఘటన చాలామందికి తెలియదు. యుద్ధకాలంలో కాగితపు డబ్బు విలువ పడిపోయి, సరుకుల ధరలు ఆకాశాన్నంటాయి. ధరలకు కళ్ళెం వేయాలని మిలీషియా (స్థానిక పౌర సైన్యం) సైనికులు పట్టుబట్టారు, విల్సన్ ధరల నియంత్రణను వ్యతిరేకించే వర్గంలో ఉన్నారు. పైగా 1778లో బ్రిటిష్ వారికి సహకరించారన్న దేశద్రోహం అభియోగాల్లో నిందితుల పక్షాన ఆయన వాదించారు. ఆ నిందితుల్లో ఏబ్రహాం కార్లైల్, జాన్ రాబర్ట్స్ అనే ఇద్దరిని ఉరితీశారు కూడా. 1779 అక్టోబర్ 4న సాయుధులు ఫిలడెల్ఫియాలో వాల్‌నట్ వీధి, మూడవ వీధి కలిసే చోట ఉన్న ఆయన ఇంటిని చుట్టుముట్టారు. లోపల విల్సన్, కొద్దిమంది మిత్రులు. కాల్పుల్లో ఇరువైపులా ప్రాణాలు పోయాయి; రాష్ట్రాధినేత జోసెఫ్ రీడ్ అశ్వికదళంతో వచ్చాక గానీ అది ఆగలేదు. ఆ ఇంటికి 'ఫోర్ట్ విల్సన్' అన్న పేరు నిలిచిపోయింది. నిందితుడు ఎంత అప్రియుడైనా అతని పక్షాన నిలబడడం న్యాయవాది ధర్మమని మనం తరగతిలో తేలికగా చెప్పేస్తాం. ఆ ధర్మానికి ఆయన ఇచ్చిన మూల్యం ఇది.

ఇక 1787 వేసవిలో జరిగిన రాజ్యాంగ సభ. నా దృష్టిలో విల్సన్ జీవితానికి ఇదే శిఖరం, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. ఆ సభలో అత్యధికంగా మాట్లాడినవారు గూవర్నర్ మోరిస్ (గూవర్నర్ ఆయన పేరే, పదవి కాదు; రాబర్ట్ మోరిస్ వేరు), 173 సార్లు. ఆ తరువాతి స్థానం విల్సన్‌ది, 168 సార్లు. జూన్ 1న కార్యనిర్వాహక అధికారాన్ని ఒకే వ్యక్తి చేతిలో ఉంచాలని ప్రతిపాదించినది ఆయనే. యుద్ధం ముగిసి, రాజును వదిలించుకుని నాలుగేళ్ళయినా కాని ప్రతినిధులు ఆ మాట విని చాలాసేపు మౌనంగా ఉండిపోయారని మాడిసన్ తన నోట్సులో రాశారు. ముఖ్యమైన విషయం, అభిప్రాయాలు చెప్పండని ఫ్రాంక్లిన్ అడిగితే గానీ ఎవరూ నోరు విప్పలేదు. వర్జీనియాకు చెందిన ఎడ్మండ్ రాండాల్ఫ్ ఇది రాచరికానికి పిండరూపమని ఎదురు తిరిగారు. ముగ్గురు సభ్యుల కార్యవర్గం ఉంటే ఆ ముగ్గురూ తమలో తాము కొట్టుకుంటారే తప్ప బాధ్యత ఎవరిదో ప్రజలకు తెలియదని విల్సన్ సమాధానం. జూన్ 4న ఏడు రాష్ట్రాలు అనుకూలంగా, మూడు వ్యతిరేకంగా ఓటు వేశాయి. ఈ రోజు అమెరికా అధ్యక్షుడు ఒక్కడే ఎందుకు ఉన్నాడన్న ప్రశ్నకు మూలం ఆ నాలుగు రోజుల్లో ఉంది.

అయితే ఆ ఒక్క వ్యక్తిని ఎన్నుకోవలసినది ప్రజలేనని కూడా ఆయన అప్పుడే అన్నారు. అది సాగదని గ్రహించి, మరునాడే జిల్లాల వారీగా ప్రజలు ప్రతినిధులను ఎన్నుకుంటే వారు అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతిని సూచించారు. అప్పటికి సభ తిరస్కరించింది, సెప్టెంబరుకు తిరిగి తిరిగి దానికి దగ్గర పద్ధతికే వచ్చింది. సెనేట్ సభ్యులను కూడా ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని పట్టుబట్టి ఓడిపోయారు. ఆ మార్పు 1913లో పదిహేడవ సవరణతో గానీ రాలేదు. ప్రభుత్వమనే పిరమిడ్‌ను ఎత్తుగా కట్టాలంటే దాని పునాదిని అంత విశాలంగా వేయాలని మే 31న ఆయన అన్న మాట ఈ వాదనలన్నిటికీ మూలం. బలమైన కేంద్రం కోరేవారు సాధారణంగా ప్రజలను దూరంగా ఉంచాలనేవారు. ప్రజలకు చోటు కావాలనేవారు బలమైన కేంద్రాన్ని భయంతో చూసేవారు. రెండూ ఒకేసారి కోరినవారు ఆ సభలో చాలా కొద్దిమంది, వారిలో విల్సన్ వాదన అన్నిటికన్నా స్థిరమైనది.

జూలై చివర సభ తన తీర్మానాలన్నిటినీ అయిదుగురి సంఘానికి అప్పగించి వాయిదా పడింది. రట్లెడ్జ్, రాండాల్ఫ్, ఎల్స్‌వర్త్, గోరం, విల్సన్ ఆ అయిదుగురు. చెల్లాచెదురుగా ఉన్న తీర్మానాలను అధికరణలుగా, వాక్యాలుగా కూర్చి ఆగస్టు 6న ముద్రించిన ముసాయిదాను సభ ముందు పెట్టారు. విల్సన్ చేతిరాతలో ఉన్న చిత్తుప్రతులు ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా చారిత్రక సంఘంలో ఇప్పటికీ ఉన్నాయి. మీ సెమినార్‌కు ఈ దశ చాలా పనికివస్తుంది. ఆ ముసాయిదా మొదటి వాక్యం 'మేము, ప్రజలము' అని మొదలై న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ అంటూ రాష్ట్రాల పేర్లన్నీ వరుసగా చెబుతుంది. సెప్టెంబరులో గూవర్నర్ మోరిస్ ఆ పేర్లు తీసివేసి 'అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రజలమైన మేము' అని మార్చారు. మన పీఠికలో 'భారత ప్రజలమైన మేము' అన్న మాటకు వెనుక నడిచిన దారి ఇదే.

ఇదే సభలో ఆయన చేసిన ఒక పనిని మీరు దాటవేయకూడదు. బానిసలను జనాభా లెక్కలో అయిదింట మూడు వంతులుగా పరిగణించాలన్న సూత్రాన్ని జూన్ 11న సభలో ప్రతిపాదించినది విల్సనే. ఒక నెల తరువాత ఆయనే లేచి, వారు పౌరులైతే తెల్లవారితో సమానంగా ఎందుకు లెక్కించడం లేదు, ఆస్తి అయితే మిగతా ఆస్తిని ఎందుకు లెక్కించడం లేదు, ఈ మూడు వంతులకు ఆధారం ఏమిటో తనకు తెలియడం లేదని, రాజీ కోసం మాత్రమే ఒప్పుకోవలసి వస్తోందని అన్నారు. పాలితుల సమ్మతి లేకుండా అధికారం లేదని 1774లో రాసిన మనిషికి ఈ రాజీలోని అన్యాయం తెలియకపోలేదు. తెలిసి చేశారు. నా విద్యార్థుల్లో కొందరు ఇది కాలధర్మమని సర్దిచెబుతారు, కొందరు ఈ ఒక్క కారణంతో ఆయనను పూర్తిగా తోసిపుచ్చుతారు. నేను రెండింటినీ ఒప్పుకోను. ఆ ప్రశ్న ఆయనే అడిగారు గనుక కాలం మీదికి నెట్టడం కుదరదు. ఆ ప్రశ్న అంత సూటిగా అడిగిన వాక్యం మనకు మిగిలింది గనుక ఆయనను చదవకుండా ఉండడమూ నష్టమే.

రాజ్యాంగం తయారైన తరువాత దానిని బహిరంగంగా సమర్థించిన తొలి ప్రముఖుడు కూడా ఆయనే. 1787 అక్టోబర్ 6న ఫిలడెల్ఫియా రాజ్యభవన ప్రాంగణంలో చేసిన ప్రసంగాన్ని పత్రికలు దేశమంతటా పునర్ముద్రించాయి. హక్కుల పట్టిక ఎందుకు లేదన్న విమర్శకు ఆయన సమాధానం ఇది: రాష్ట్రాల రాజ్యాంగాల్లో ప్రజలు తమకోసం ప్రత్యేకంగా దాచుకోనిదంతా ప్రభుత్వానికి ఇచ్చినట్టే, కేంద్ర రాజ్యాంగంలో ప్రభుత్వానికి ఇవ్వనిదంతా ప్రజల దగ్గర ఉన్నట్టే, కాబట్టి ఇవ్వని అధికారానికి మినహాయింపులు రాయవలసిన పని లేదు. తర్కంగా ఇది చక్కగా ఉంది. ఆచరణలో తప్పని చరిత్ర నిరూపించింది. 1791లో హక్కుల పట్టిక చేర్చవలసి వచ్చింది, ఆ పట్టిక లేకుండా అమెరికా న్యాయశాస్త్రాన్ని ఊహించలేం. 1787 డిసెంబరు 12న పెన్సిల్వేనియా 46-23 ఓట్లతో రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఆ నెలాఖరులో, ఆయన ఒకప్పుడు ప్రాక్టీసు చేసిన కార్లైల్‌లోనే ఆయన దిష్టిబొమ్మను తగలబెట్టారు.

1789లో ఆయన వాషింగ్టన్‌కు స్వయంగా ఉత్తరం రాసి ప్రధాన న్యాయమూర్తి పదవి అడిగారు. ఆ పదవి జాన్ జేకు దక్కింది, విల్సన్‌ను సహ న్యాయమూర్తిగా నియమించారు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియా కళాశాలలో ఆయన న్యాయశాస్త్ర ఉపన్యాసాలు ప్రారంభించినప్పుడు వాషింగ్టన్, ఉపాధ్యక్షుడు ఆడమ్స్ వచ్చి కూర్చున్నారు. ఉపన్యాసాలను పూర్తి గ్రంథంగా తీసుకురావాలని ఆయన కోరిక. అది నెరవేరలేదు, ఆయన పోయాక 1804లో కొడుకు బర్డ్ విల్సన్ అచ్చువేయించారు.

న్యాయమూర్తిగా ఆయన పేరు నిలిపేది 1793 నాటి చిషోమ్ వర్సెస్ జార్జియా. యుద్ధకాలంలో జార్జియా రాష్ట్రానికి సరుకులు సరఫరా చేసిన ఒక వ్యాపారికి బాకీ అందలేదు. ఆయన మరణానంతరం ఆస్తి వ్యవహారాలు చూసే చిషోమ్ అనే సౌత్ కరోలినా పౌరుడు జార్జియాపై సుప్రీంకోర్టులో దావా వేశారు. మేము సార్వభౌమ రాష్ట్రం, మా అనుమతి లేకుండా మాపై దావా చెల్లదంటూ జార్జియా అసలు హాజరే కాలేదు. నలుగురు న్యాయమూర్తులు చిషోమ్ పక్షాన, జేమ్స్ ఐరెడెల్ ఒక్కరు వ్యతిరేకంగా తీర్పు రాశారు. ఈ కేసులోని ప్రశ్న లోతుకు వెళితే, అమెరికా ప్రజలు ఒక జాతి అవునా కాదా అన్న ప్రశ్నకు చేరుతుందని విల్సన్ మొదట్లోనే అంటారు. రాజ్యాంగానికి సార్వభౌముడు అన్న పదమే తెలియదని, ఆ మాట వాడదగినవారు ఎవరైనా ఉంటే వారు ప్రజలేనని చెబుతారు. ఆ తరువాత ఆయన వేసిన అడుగు నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది: ఒక స్వతంత్రుడు మాట ఇస్తే ఆ మాటకు కట్టుబడాలి; రాష్ట్రమంటే స్వతంత్రులైన మనుషుల సమూహమే కదా; ఒక్కడికి వర్తించే నీతి సమూహానికి ఎందుకు వర్తించదు?

ప్రభుత్వంపై దావాలు వేసే న్యాయవాదిగా ఈ వాక్యం విలువ నాకు తెలుసు. బిల్లు రాని ఒక కాంట్రాక్టరు తరఫున, ప్రభుత్వంపై దావాకు ముందు ఇవ్వవలసిన సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు పంపి, రెండు నెలలు ఆగి, దావా వేసి, ఎదురుపక్షం నుంచి ముందుగా అప్పు లేదన్న వాదన కాకుండా దావాయే చెల్లదన్న వాదన విన్న సందర్భాలు నా ప్రాక్టీసులో ఉన్నాయి. రాజు తప్పు చేయడన్న పాత సిద్ధాంతపు నీడ మనకూ ఉంది. 1965లో కస్తూరిలాల్ తీర్పు దానికి బలమిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక ఎరువుల, ధాన్యం వ్యాపారి సరుకును అధికారులు స్వాధీనం చేసుకుని, తిరిగి ఇచ్చేనాటికి అది పాడైపోయిన వ్యవహారంలో మన హైకోర్టు ఆ తీర్పునే అనుసరించి పరిహారం నిరాకరిస్తే, 1994లో ఎన్. నాగేంద్రరావు కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, ప్రభుత్వం బాధ్యత వహించాల్సిందేనని చెప్పింది. విల్సన్ తర్కం చదివి ఈ తీర్పు చదివితే రెండు శతాబ్దాల దూరంలో ఒకే ప్రశ్న ఎలా తిరిగి వచ్చిందో మీకే తెలుస్తుంది. మన కోర్టు విల్సన్‌ను అనుసరించిందని నేను అనడం లేదు, ప్రశ్న ఒకటేనంటున్నాను.

చిషోమ్ తీర్పు వెలువడగానే రాష్ట్రాలు భగ్గుమన్నాయి. యుద్ధకాలపు అప్పులన్నీ కోర్టుకెక్కుతాయన్న భయం వాటిది. ఒక రాష్ట్రంపై వేరే రాష్ట్రపు పౌరులు ఫెడరల్ కోర్టుల్లో దావా వేయకుండా అడ్డుకునే పదకొండవ సవరణ 1795 ఫిబ్రవరి 7 నాటికి ఆమోదం పొందింది, తీర్పు ఆ మేరకు చెల్లకుండా పోయింది.

ఇక ఆ చివరి రోజులు. 1782లో జార్జ్ వాషింగ్టన్ తన అన్నదమ్ముల బిడ్డ బుష్‌రాడ్‌ను విల్సన్ దగ్గర లా చదువుకు పంపి, ఫీజుగా 100 గినీలకు (బ్రిటిష్ బంగారు నాణేలు) ప్రామిసరీ నోటు రాసి ఇచ్చారు. కోరినప్పుడు విల్సన్‌కు గానీ, ఆయన చెప్పినవారికి గానీ చెల్లిస్తానని దాని సారాంశం. మన ఊళ్ళలో ఇప్పటికీ రాసే నోటు భాషే. అటువంటి నోట్ల మీదే విల్సన్ లక్షల ఎకరాలు కొన్నారు. పెన్సిల్వేనియాలో, న్యూయార్క్‌లో, పశ్చిమాన ఇల్లినాయి-వాబాష్ కంపెనీ ద్వారా, 1795లో జార్జియాలోని వివాదాస్పద యాజూ భూముల్లో ఆయన పెట్టుబడులు పెట్టారు. యూరప్ నుంచి వలస వచ్చేవారితో ఆ భూములు నిండుతాయని ఆయన గట్టి నమ్మకం. వారు రాలేదు. 1796-97 ఆర్థిక సంక్షోభంలో అప్పు పుట్టడం ఆగిపోయింది, నోట్లన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. సుప్రీంకోర్టు సహ న్యాయమూర్తి జీతం ఏడాదికి 3,500 డాలర్లు. రాజ్యాంగ సభలో ఆయనతో కూర్చున్న పియర్స్ బట్లర్ ఒక్కరికే ఆయన దాదాపు 1,97,000 డాలర్లు బాకీ.

బర్లింగ్టన్ జైలు నుంచి కొడుకు విడిపించాక ఆయన దక్షిణానికి వెళ్ళి, చిషోమ్ కేసులో తనతో విభేదించిన ఐరెడెల్ స్వస్థలమైన ఈడెంటన్ చేరారు. అక్కడ బట్లర్ పట్టించారు. రెండు నెలల పాటు నిర్బంధం. తనను అడవి మృగంలా వేటాడారని ఆ రోజుల్లో ఒక ఉత్తరంలో రాసుకున్నారు. విడుదలయ్యాక మలేరియా, ఆపై పక్షవాతం. 1793లో ఆయన చేసుకున్న రెండవ భార్య హానా, ఇంకా పాతికేళ్ళయినా దాటని పిల్ల, ఒక సత్రపు గదిలో ఆయనకు సేవ చేస్తూ ఉండిపోయింది. 1798 ఆగస్టు 21న, 55 ఏళ్ళ వయసులో ఆయన అక్కడే మరణించారు. ఆయన ఖాళీ చేసిన న్యాయమూర్తి స్థానంలోకి వచ్చినది ఆయన శిష్యుడు బుష్‌రాడ్ వాషింగ్టన్.

మరి ఎందుకు మరిచిపోయారు? రాజ్యాంగ సభ చర్చలు రహస్యం. ఎవరు ఏమన్నారో చెప్పే మాడిసన్ నోట్సు 1840లో గానీ అచ్చు కాలేదు, అప్పటికి విల్సన్ పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆయన గొప్ప తీర్పును సవరణ మింగేసింది. ఉపన్యాసాల గ్రంథం అసంపూర్ణం. అప్పులపాలై పోయినవాడిని స్మరించుకోవడానికి సమకాలికులు ముందుకు రాలేదు. మనిషి కూడా జనంలో కలిసేవారు కారు. మందపాటి కళ్ళజోడు జారిపోకుండా తల పైకెత్తి నడిచేవారట. చూసేవారికి అది అహంకారంలా కనిపించేదని అప్పటివారు రాశారు. 1906లో మాత్రం ఆయన అస్థికలను ఈడెంటన్ దగ్గరి తోట నుంచి తీసి, నౌకాదళపు ఓడలో ఫిలడెల్ఫియా చేర్చి, క్రైస్ట్ చర్చి ఆవరణలో సమాధి చేశారు.

సెమినార్ పత్రం విషయంలో నా సలహా ఇది. జీవితచరిత్రతో మొదలుపెట్టకండి, అప్పుల కథ అంత ఆకర్షణీయంగా ఉంటుంది కాబట్టి పత్రమంతా దానితోనే నిండిపోతుంది. ముందు చిషోమ్ కేసులో విల్సన్ తీర్పును పూర్తిగా చదవండి. గ్రీకు, రోమన్ ఉదాహరణలతో అది చాలా దూరం తిరుగుతుంది, ఓపిక పట్టండి. తరువాత మాడిసన్ నోట్సులో మే 31 నుంచి జూన్ 11 వరకు, ఆపై జూలై 11 నాటి చర్చ చూడండి. ఐరెడెల్ భిన్నాభిప్రాయాన్ని తప్పక పక్కన పెట్టుకుని చదవండి, ఎందుకంటే ఓడిపోయిన ఆ అభిప్రాయమే చివరికి చట్టమైంది: 1890లో హాన్స్ వర్సెస్ లూసియానా దానిని మెచ్చుకుంది, 1999లో ఆల్డెన్ వర్సెస్ మెయిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దావాల నుంచి రాష్ట్రాలకున్న రక్షణను మరింత విస్తరించింది. అయితే ఆల్డెన్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు అయిదుకు నలుగురుగా చీలిపోయారు. ఆ నలుగురి తరఫున జస్టిస్ సౌటర్ రాసిన భిన్నాభిప్రాయంలో విల్సన్ వాదన ఎక్కడెక్కడ వస్తుందో గుర్తుపెట్టుకుంటూ చదివితే, మీ పత్రానికి కావలసిన ప్రశ్న అక్కడే దొరుకుతుంది.